కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్‌లో కత్తిపోరు నేర్చుకోవడం ఎలా? ఆట నోరు విప్పి చెప్పని లెక్కలు

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ అనే వీడియో గేమ్ సంగతి ఇది. ఆట మొదలై ఇంకా ఎంతో సేపు కాదు. కమ్మరి నాన్న ఒక పని చెప్పి పంపుతాడు: కునెష్ దగ్గర బాకీ వసూలు చేసుకురా. ఆ తాగుబోతు ఇవ్వనంటాడు. మాటా మాటా పెరుగుతుంది. చూస్తుండగానే మీరు బురదలో పడి ఉంటారు, వాడు పైన నిలబడి తిడుతుంటాడు. సరిగ్గా ఇక్కడే నాకు మెసేజ్ వస్తుంది: "అన్నా, బటన్లు కరెక్టుగానే నొక్కుతున్నా. తప్పు ఎక్కడ?"

ఇదే ప్రశ్న ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి ఒకేసారి వివరంగా రాసేస్తున్నాను. ఇదంతా 2018లో వచ్చిన మొదటి భాగానికి. రెండో భాగం ఆడేవాళ్లకి చివర్లో కొన్ని మాటలున్నాయి. కథ పెద్దగా బయటపెట్టను.

(కునెష్ సంగతి: వాడితో ఒంటరిగా తలపడాల్సిన పనే లేదు. ఊళ్లో హెన్రీ (ఆటలో మీరు ఆడించే కుర్రాడు) స్నేహితులున్నారు. ముందు వాళ్ల అల్లరి పనిలో ఒక చెయ్యి వేస్తే, వాళ్లు మీ వెంట వచ్చి కునెష్ పని పడతారు.)

1. మొదటి లెక్క: స్టామినాయే మీ అసలు కవచం

తెర కింద రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి ప్రాణానిది, ఒకటి స్టామినాది, అంటే దమ్ముది. కొత్తవాళ్లంతా ప్రాణం గీతనే చూస్తూ ఆడతారు. చూడాల్సింది రెండోది.

దెబ్బ తగిలితే ముందు స్టామినా తరుగుతుంది. స్టామినా నిండుగా ఉన్నంతసేపు చాలా దెబ్బలు ప్రాణం దాకా వెళ్లవు. అది అడుగంటినప్పుడు తగిలే దెబ్బే నేరుగా ఒంట్లోకి దిగుతుంది. మీరు కత్తి ఊపితే స్టామినా ఖర్చు. మామూలు బ్లాక్ చేస్తే, అంటే ఎదుటివాడి దెబ్బని ఆపితే, ఖర్చు. పరిగెత్తితే ఖర్చు. అంటే గబగబా నాలుగు వేట్లు వేసినవాడు తన కవచం తానే విప్పుకున్నట్టు లెక్క.

ఇంకో మెలిక ఉంది. ప్రాణం తగ్గేకొద్దీ స్టామినా నిండగలిగే హద్దు కూడా కిందికి దిగుతుంది. అందుకే ఒక పెద్ద గాయం తగిలాక పోరు అక్కడి నుంచి జారుడుబండ మీద పోయినట్టు పోతుంది. అటువైపు మాత్రం మీకు లాభం. ఎదుటివాడికీ ఇదే సూత్రం. వాడికి ఒక మంచి దెబ్బ పడితే మిగతా పని సగం అయిపోయినట్టే.

ఈ ఒక్క ముక్క నుంచి మూడు అలవాట్లు పుడతాయి:

- మూడో వంతు స్టామినా మిగిలి ఉండగానే దాడి ఆపండి.
- రెండడుగులు వెనక్కి వేసి ఊపిరి పీల్చుకోండి. బ్లాక్ బటన్ నొక్కిపట్టి నిలబడితే స్టామినా కోలుకోదు. వేలు తీసేయండి, దెబ్బ వచ్చేటప్పుడే మళ్లీ నొక్కండి.
- ఎదుటివాడు రెండు మూడు వేట్లు వేసి ఆగాడంటే వాడి స్టామినా పలచబడిందని అర్థం. మీ వంతు అప్పుడే.

2. రెండో లెక్క: మీకు వచ్చినా హెన్రీకి రాదు

మీరు వేరే యాక్షన్ ఆటల్లో ఎంత తోపు అయినా ఇక్కడ పనికిరాదు. 1403 నాటి బొహీమియాలో కమ్మరి కొడుకు హెన్రీ, ఎన్నడూ కత్తి పట్టినవాడు కాదు. మీ వేలు సరైన క్షణంలో నొక్కినా వాడి చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. అది మీ కంప్యూటర్ తప్పు కాదు, కంట్రోలర్ తప్పూ కాదు.

బలం, చురుకు, జీవశక్తి అనేవి మూల లక్షణాలు. వాటి పైన యుద్ధకళ, రక్షణ, కత్తి, గొడ్డలి, గద, విల్లు, ఒట్టి చేతులు అని విడివిడి నైపుణ్యాలు. అన్నీ 20వ స్థాయి దాకా పెరుగుతాయి. ఏది వాడితే అది పెరుగుతుంది.

ప్రతి ఆయుధానికీ ఇంత బలం కావాలి, ఇంత చురుకు కావాలి అని ఒక అంకె రాసి ఉంటుంది. ఎవరి శవం మీదో దొరికిన గొప్ప కత్తి చూసి మురిసిపోయి నడుముకి కట్టుకోకండి. ముందు ఆ అంకె చూడండి. బలం చాలకపోతే ఆ కత్తి మీ చేతిలో రాసి ఉన్నంత పని చేయదు.

బలం పెంచడానికి ఒక చిత్రమైన దారి ఉంది, చెబితే నవ్వుతారు. పువ్వులు కోయడం! మూలికల నైపుణ్యంలో 'లెగ్ డే' అని ఒక పెర్క్ (నైపుణ్యం పెరిగాక ఎంచుకునే అదనపు లాభం) ఉంది. అది తీసుకుంటే మొక్క కోయడానికి వంగిన ప్రతిసారీ బలం కూడా కొంచెం పెరుగుతుంది. గుంజిళ్లు తీసినట్టు అన్నమాట. దారిలో కనపడ్డ చామంతి, దురదగొండి ఏదీ వదలకండి. జీవశక్తి మాత్రం పరుగులతో, గెంతులతో పెరుగుతుంది.

చదువు సంగతి కూడా మరచిపోవద్దు. హెన్రీకి అక్షరం ముక్క రాదు. ఉజిట్జ్ ఊళ్లో ఒక లేఖకుడు చదవడం నేర్పుతాడు. ఆ తర్వాత పోరాట నైపుణ్యాల పుస్తకాలు కొని చదవచ్చు. కత్తి తిప్పకుండానే కొంత పని అయిపోతుంది.

3. ఒంటి మీద ఏం వేసుకోవాలి: పొరల లెక్క

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే సగం పోరులు బట్టలు మార్చుకునే తెర దగ్గరే గెలుస్తాం, అక్కడే ఓడిపోతాం కూడా.

ఆటలో దెబ్బలు మూడు రకాలు: కోత, పోటు, మొద్దు దెబ్బ. ప్రతి కవచానికీ ఈ మూడింటికి మూడు వేర్వేరు అంకెలుంటాయి. గొలుసు కవచం కోతని బాగా ఆపుతుంది, కానీ గద దెబ్బ దాని గుండా ఒంటిదాకా అదురుతుంది. ఇనప రేకు కోతనీ పోటునీ లెక్కచేయదు. కింద వేసుకునే దళసరి మెత్తటి అంగీ, దాన్ని గాంబెసన్ అంటారు, మొద్దు దెబ్బని మింగుతుంది.

కాబట్టి మెరిసే రేకు ఒక్కటే వేసుకుని తిరిగితే కాదు. వేసుకునే వరుస ఇలా ఉండాలి:

- తల: ముందు మెత్తటి టోపీ, దాని మీద గొలుసు ముసుగు, దాని మీద హెల్మెట్.
- మొండెం: చొక్కా, గాంబెసన్, గొలుసు కవచం, డబ్బులుంటే రేకు.
- చేతులు, కాళ్లు: గొలుసు కానీ రేకు కానీ. చేతి తొడుగులు మరవద్దు.

డబ్బులు తక్కువుంటే ముందు తల, తర్వాత గాంబెసన్, ఆ తర్వాతే మిగతావి. పై నుంచి వేసే వేటు తల మీదే పడుతుంది, శత్రువులు ఆ వేటు తెగ వేస్తారు. నేను మొదటిసారి ఆడినప్పుడు కాళ్లకి అందమైన రేకులు కొని, తలకి ఒట్టి గుడ్డ టోపీతో తిరిగాను. ఫలితం మీరే ఊహించుకోండి.

ముఖం మొత్తం మూసే హెల్మెట్ రక్షణ ఎక్కువిస్తుంది. కానీ తెర మీద సన్నటి సందుల్లోంచి మాత్రమే లోకం కనపడుతుంది. ఒకడితో పోరుకి ఫర్వాలేదు, ముగ్గురు ఉంటే పక్కనుంచి ఎవరు వస్తున్నారో తెలియక చస్తాం. నేర్చుకునే రోజుల్లో ముఖం తెరిచి ఉండే హెల్మెటే మేలు.

బరువు సంగతి చూసుకోండి. మోయగలిగిన హద్దు దాటితే పరిగెత్తలేరు, ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద ఊరు ఎంచుకుని నేరుగా అక్కడికి చేరడం) కూడా కుదరదు. దోచుకున్న సరుకంతా వీపున వేసుకుని ఇంకో పోరులోకి దిగడం అనేది అందరూ చేసే పనే, అందరూ బాధపడే పనే. గుర్రం సంచిలో పడేయండి.

4. ఆయుధం: ఎవడి మీద ఏది

కత్తితో కోయవచ్చు, పొడవవచ్చు. గొడ్డలిది ప్రధానంగా కోత. గదది మొద్దు దెబ్బ. ఎదుటివాడు ఏం వేసుకున్నాడో చూసి తేల్చుకోవాలి.

- గుడ్డలు, తోలు వేసుకున్న దారిదోపిడీగాడు: కత్తి కోత చాలు.
- గొలుసు కవచం వేసుకున్న కుమాన్ (ఆటలో శత్రువుల పక్షాన పోరాడే కిరాయి సైన్యం) సైనికుడు: పోటు లేదా గద.
- నిండా ఇనుములో ఉన్నవాడు: గద. కత్తితో కోస్తే గీతలు పడతాయి, మీ కత్తి పదును పోతుంది, అంతే. గద లేకపోతే కవచం లేని చోటు వెతకండి. ముఖం తెరిచి ఉంటే అక్కడ పోటు.

నడుముకి కత్తి, వెంట ఒక గద. ఆట చివరిదాకా నాకు ఈ జతే అన్నం పెట్టింది. మొదట్లో అయితే పొట్టి కత్తితో పాటు డాలు పట్టండి. పొడవాటి కత్తి గొప్పగా కనిపిస్తుంది కానీ, ఆపడం సరిగా రానివాడికి డాలే దిక్కు. బాణాలని కూడా ఆపుతుంది.

*సాన పట్టడం.* మొద్దుబారిన కత్తి దెబ్బ సగమైపోతుంది, ఈ సంగతి ఆట పెద్దగా గుర్తుచేయదు. కమ్మరి కొట్టం దగ్గర సానచక్రం ఉంటుంది, దాని మీద పదును ఉచితం. మన వీధుల్లోకి సైకిల్ తొక్కుతూ వచ్చే సానవాళ్లని చూసినవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది. చక్రం ఒకే వేగంతో తిరగాలి, అంచు సరైన కోణంలో ఆనాలి, మరీ గట్టిగా అదమకూడదు. కోణం కుదిరితే నిప్పురవ్వలు చక్కగా ఎగురుతాయి. రవ్వలు రావట్లేదంటే కోణం తప్పు, కొంచెం వంచి చూడండి. ఒకేచోట ఆపి పెట్టకుండా పిడి నుంచి మొన దాకా, మొన నుంచి పిడికి నెమ్మదిగా జరపాలి. రెండు పక్కలా చేయాలి. మొదటిసారి నేను వేగంగా తిప్పి గట్టిగా అదిమి, ఉన్న కత్తిని ఇంకా పాడుచేసుకున్నాను. పాత కత్తి మీద నేర్చుకుని అప్పుడు మంచిదాన్ని పెట్టండి.

కవచాలకి, బట్టలకి, చెప్పులకి వేర్వేరు బాగుచేసే కిట్లు దొరుకుతాయి. మరీ పాడైనవాటికి మీ నైపుణ్యం చాలకపోతే పనివాడికి డబ్బులిచ్చి చేయించుకోవడమే.

5. బయల్దేరే ముందు: తిండి, నిద్ర, సేవ్

తిండి, శక్తి రెండూ 100కి లెక్క. ఆకలి ఎంత చెడ్డదో అతిగా తినడం కూడా అంతే చెడ్డది, 100 దాటితే హెన్రీకి ఆయాసమే. నిద్ర లేకుండా రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారి దోపిడీగాళ్ల స్థావరం మీద పడటం వీరత్వం కాదు.

సేవ్ చేయడం ఇక్కడ ఖర్చుతో కూడిన పని. సొంత మంచం మీద కానీ, సత్రంలో అద్దెకి తీసుకున్న మంచం మీద కానీ పడుకుంటే ఆట సేవ్ అవుతుంది. లేదంటే సేవియర్ ష్నాప్స్ అనే సారా తాగాలి. అది కొనాలంటే మొదట్లో చుక్కలు కనపడతాయి, సొంతంగా కాచుకోవచ్చు: వైన్‌లో రెండు దురదగొండి, ఒక బెల్లడోనా అనే మూలిక. అయితే అది సారాయే కాబట్టి వరసగా తాగితే హెన్రీ తూలుతాడు. భయపడి పోరుకి ముందు మూడు సీసాలు లాగించి, తూలుతూ బరిలోకి దిగినవాళ్లని చూశాను.

బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి:

- కత్తి పదును, కవచం పరిస్థితి బాగున్నాయా?
- గాయానికి కట్టుకునే గుడ్డలు కనీసం 3 ఉన్నాయా?
- ప్రాణం కోలుకోవడానికి మారిగోల్డ్ కషాయం ఒకటి రెండు సీసాలు ఉన్నాయా?
- తిండి, శక్తి 80 పైన, 100 లోపు ఉన్నాయా?
- మోత హద్దు లోపల ఉందా?
- పగలేనా? రాత్రయితే ఎడమ చేతిలో కాగడా ఉండాలి, అంటే డాలు పట్టలేరు.
- చివరి సేవ్ ఎప్పుడు?

6. బెర్నార్డ్ దగ్గర గురుశుశ్రూష

ఇది వదిలేసినవాళ్లే నాకు ఎక్కువ మెసేజ్‌లు పెడతారు. ఆట మొదట్లో హెన్రీ సొంతూరు స్కాలిట్జ్‌లో వన్యెక్ అనే బాటసారి కత్తి పట్టడం చూపిస్తాడు కానీ అది ఓనమాలు మాత్రమే. అసలు గురువు రట్టయ్ అనే పట్టణంలోని కెప్టెన్ బెర్నార్డ్. కథలో రట్టయ్ చేరి, దొర కొలువులో కుదిరి, అతని మొదటి పాఠం పూర్తయ్యాక, పగటిపూట శిక్షణ బరి దగ్గరికి వెళ్లి ఎన్నిసార్లయినా నేర్పమని అడగచ్చు. చచ్చేది లేదు, పోయేది లేదు. దెబ్బలు మాత్రం తింటారు.

నేను సలహా ఇచ్చే వరుస ఇది:

*6.1 మొదటి విడత, ఆపడం మాత్రమే.* కొయ్య కత్తులతో సాధన మొదలుపెట్టండి. పది నిమిషాలపాటు ఒక్క వేటు కూడా వేయకండి. బెర్నార్డ్ కత్తి మీ మీదికి వచ్చేటప్పుడు తెర మధ్యలో చిన్న పచ్చటి డాలు గుర్తు మెరుస్తుంది. అది మెరిసిన క్షణంలో బ్లాక్ నొక్కితే పర్ఫెక్ట్ బ్లాక్. ముందే నొక్కితే మామూలు బ్లాక్, స్టామినా పోతుంది.

*6.2 రెండో విడత, ఆపి తిరగబడటం.* పర్ఫెక్ట్ బ్లాక్ పడిన వెంటనే దాడి బటన్ నొక్కండి. ఒకే ఒక్క వేటు, రెండోది వద్దు. ఆపు, కొట్టు, వెనక్కి తగ్గు. ఈ మూడూ ఒక తాళంలా వచ్చేదాకా ఇదే.

*6.3 మూడో విడత, దిక్కులు.* తెర మధ్య నక్షత్రంలో ఐదు కొసలుంటాయి: పైన, రెండు పక్కల ఎగువ, రెండు పక్కల దిగువ. పోటు వేరే బటన్. బెర్నార్డ్ కత్తి ఎటువైపు పట్టుకున్నాడో చూసి దానికి ఎదురుపక్క వేయండి. కుడిపైన పట్టుకుంటే ఎడమ కింద. వాడి కత్తి అంత దూరం తిరిగి రావాలి కదా.

*6.4 నాలుగో విడత, ఫెయింట్.* ఒక దిక్కున వేటు మొదలుపెట్టి, చెయ్యి దిగేలోపు దిక్కు మార్చేయడం. కబడ్డీలో ఒక కాలు చూపించి ఇంకో వైపు దూరినట్టు. ఎదుటివాడి కాపు మొదటి దిక్కుకి వెళ్లిపోతుంది.

*6.5 ఐదో విడత, గద, గొడ్డలి.* ఆయుధం మార్చి ఇదే మళ్లీ. రక్షణ నైపుణ్యం అన్నిటికీ ఉమ్మడి కాబట్టి శ్రమ వృథా పోదు.

కత్తి, రక్షణ 8వ స్థాయికి చేరేదాకా ఊరు దాటి గొడవలకి పోవద్దు. ఇది నా లెక్క, ఆట పెట్టిన నియమం కాదు. బోర్ కొడుతుంది, నిజమే. రోజుకో అరగంట చొప్పున చేయండి, మధ్యలో మూలికలు కోసుకోండి.

7. ఒకడితో పోరు: క్షణం క్షణం

దారిలో గొడ్డలి పట్టుకున్న దోపిడీగాడు ఒకడు ఎదురయ్యాడనుకోండి. తోలు చొక్కా, తలకి ఏమీ లేదు. మీ చేతిలో పొట్టి కత్తి, డాలు.

1. దూరంగా ఉండగానే కత్తి తీయండి. దగ్గరికి వచ్చాక తీస్తే ఆ లోపే ఒకటి పడుతుంది.

2. ముందు మీరు కొట్టకండి. కాళ్లు కదుపుతూ వాడి చుట్టూ తిరగండి. గొడ్డలి ఏ భుజం వైపుందో చూడండి.

3. వాడు పైకెత్తాడు. డాలు గుర్తు కోసం ఆగండి. మెరిసింది, నొక్కారు, టంగుమని తిరిగింది. వెంటనే ఒక వేటు, తల మీద.

4. మీ దమ్ము చూడండి. బాగుంటే ఎదురు దిక్కున ఇంకొకటి. లేదంటే ఒక అడుగు వెనక్కి.

5. వాడు మీద మీదికి వచ్చి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుంటే అది క్లించ్. ఇక్కడ బలందే రాజ్యం. గెలిచినవాడు ఎదుటివాడిని తోసి ఒక ఉచిత దెబ్బ కొడతాడు. మొదట్లో మీరు ఓడిపోతారు కాబట్టి అంత దగ్గరికి రానివ్వకండి. బలం 12, 13 దాటాక మాత్రం మీరే కావాలని దగ్గరికి దూరండి.

6. వాడు తడబడుతున్నాడు, నెత్తురు కారుతోంది. కొత్తవాళ్లు అత్యుత్సాహంతో మీద పడి ఓడిపోయేది ఈ ఘట్టంలోనే. ఆగండి. నెత్తురు పోతున్నవాడికి కాలమే శత్రువు, మీకు కాదు.

7. ఆయుధం పడేసి దండం పెడితే వదిలేయడమా చంపడమా మీ ఇష్టం. కత్తి మాత్రం వెంటనే ఒరలో పెట్టకండి, వాడి తోడు పొదలో ఉండచ్చు.

8. అయిపోయాక ముందు మీ గాయానికి కట్టు. దోచుకోవడం తర్వాత. నెత్తురు కారుతుండగా శవం జేబులు వెతుకుతూ చచ్చిపోయినవాడు ఒకడు నాకు బాగా తెలుసు. రోజూ అద్దంలో కనిపిస్తాడు.

8. మాస్టర్ స్ట్రైక్: అందరూ అడిగేది ఇదే

బెర్నార్డ్ దగ్గర పాఠాల జాబితాలో ఇది కూడా ఉంది. నేర్చుకున్నాక, పర్ఫెక్ట్ బ్లాక్ సమయానికి నొక్కితే హెన్రీ తనంతట తాను ఎదురుదెబ్బ వేస్తాడు. ఎదుటివాడు దాన్ని ఆపలేడు. శత్రువుల్లో ఆరితేరినవాళ్లకీ ఇది వచ్చు. మీరు ఆవేశంగా కొట్టబోతే మీ చెయ్యే తిప్పి మీకు వడ్డిస్తారు.

ఆట ముందుకెళ్లేకొద్దీ 'నేను బాగా ఆడుతున్నా కదా, ఎందుకు ఓడిపోతున్నా' అనిపించడానికి కారణం ఇదే. గట్టి శత్రువు మీద ముందుగా చెయ్యెత్తినవాడే నష్టపోతాడు. నాలుగైదు వేట్ల కాంబోలు చూడటానికి అద్భుతంగా ఉంటాయి, కానీ మధ్యలో ఒక్క మాస్టర్ స్ట్రైక్‌తో తెగిపోతాయి. నేను కాంబోల మీద పెర్క్ పాయింట్లు పెట్టడం ఎప్పుడో మానేశాను.

నా అభిప్రాయం దాచుకోను: మాస్టర్ స్ట్రైక్ మరీ బలంగా పెట్టేశారు. అది ఒక్కటి వస్తే చాలు, చేతులు కట్టుకుని నిలబడి డాలు గుర్తు కోసం ఎదురుచూడటమే ఆట అయిపోతుంది. అందుకే 6వ విభాగంలో దాన్ని కావాలనే చేర్చలేదు. దిక్కులు, ఫెయింట్, దమ్ము లెక్క చేతికి వచ్చాక నేర్చుకోండి. ముందే నేర్చుకుంటే మిగతావేవీ ఎప్పటికీ రావు.

9. ముగ్గురు చుట్టుముడితే

మొదటి జవాబు: పారిపోండి. నవ్వకండి, నిజంగానే. ఫాస్ట్ ట్రావెల్ మధ్యలో దారి కాచినవాళ్లు ఎదురైతే తప్పించుకునే అవకాశం ఆటే ఇస్తుంది.

తప్పదు అనుకుంటే:

- వెనక్కి నడుస్తూనే ఉండండి. ముగ్గురూ ఒకే వేగంతో రారు. ముందు వచ్చినవాడు మీవాడు.
- ఎవరూ మీ వెనక్కి చేరకూడదు. పక్కకి జరుగుతున్నవాడు కనపడితే మీరూ అటే తిరగండి, ముగ్గురూ ఒక వరసలో పడేలా.
- గుమ్మం, కంచె సందు, ఇరుకు దారి దొరికితే అక్కడ నిలబడండి.
- తక్కువ కవచం ఉన్నవాడిని ముందు పడగొట్టండి. ఇనుములో ఉన్నవాడు చివరికి.
- కెమెరా తనంతట తాను ఒకడికే అతుక్కుపోతుంది. అసలు చిక్కు ఇదే. పక్కవాడు కొడుతున్నా చూపు వాడి మీదికి పోదు. అలాంటప్పుడు వెనుదిరిగి పది అడుగులు పరిగెత్తి, మళ్లీ తిరిగి నిలబడటమే సులువు.

10. విల్లు, రెండు ముక్కల్లో

గురి చూపించే చుక్క ఉండదు. నారి ఎక్కువసేపు లాగిపట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, దమ్ము కరుగుతుంది. లాగిన ఒకటి రెండు క్షణాల్లో వదిలేయాలి. కుందేళ్ల మీద కాదు, శిక్షణ బరిలోని గురిబల్లల మీద నేర్చుకోండి. పోరులో విల్లు పని ఒక్కటే: వాళ్లు మీ దగ్గరికి చేరేలోపు ఒకడిని తగ్గించడం. రెండో బాణం తర్వాత కత్తి తీయండి.

11. ఇలా జరుగుతోందా? ఇలా చేయండి

*"ప్రతి వేటూ ఆపేస్తున్నాడు."* ఒకే దిక్కున కొడుతున్నారు. చాలామంది చెయ్యి తెలియకుండానే పైకే పోతుంది. ఒక పోరంతా పై వేటు వాడనని ఒట్టు పెట్టుకుని ఆడండి.

*"తగులుతోంది కానీ చావట్లేదు."* కత్తి మొద్దుబారి ఉంటుంది, లేదా ఇనుము మీద కోత వేస్తున్నారు. సాన, లేదా గద.

*"పచ్చ గుర్తు కనపడేసరికి ఆలస్యమవుతోంది."* రక్షణ స్థాయి తక్కువ. మళ్లీ బెర్నార్డ్. అది కాదంటే మీరు చూస్తున్నది శత్రువు ముఖం. వాడి భుజం చూడండి, గుర్తుకంటే ముందే భుజం కదులుతుంది.

*"గ్రాఫిక్స్ అదిరిపోయాయి కానీ బ్లాక్ పడట్లేదు."* ఫ్రేమ్‌లు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) తగ్గితే సమయం తప్పుతుంది. గ్రాఫిక్స్ ఒక మెట్టు దించండి. నా పాత ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు దించిన రోజే సగం బ్లాకులు పడటం మొదలైంది, నేనేమో నైపుణ్యం పెరిగిందనుకున్నాను.

*"రెండు గంటల ఆట పోయింది."* బయటికి వెళ్లేటప్పుడు 'సేవ్ అండ్ క్విట్' వాడండి. అది ఉచితం. తిరిగి తెరిచాక ఆ సేవ్ ఉండదని మాత్రం గుర్తుంచుకోండి.

12. రెండో భాగం ఆడేవాళ్లకి

2025 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగంలో దమ్ము లెక్క, పొరల లెక్క, దెబ్బల రకాలు దాదాపు ఇవే. దిక్కులు ఐదు నుంచి నాలుగుకు తగ్గాయి. మాస్టర్ స్ట్రైక్‌కి ముకుతాడు వేశారు: చేతిలో కత్తి ఉండాలి, ఎదుటివాడి దాడికి ఎదురు దిక్కున మీ కత్తి ఉండాలి, అప్పుడే పడుతుంది. అది నేర్పేవాడు ట్రోస్కోవిట్జ్ దగ్గర్లోని సంచారుల మకాంలో ఉండే టామ్‌క్యాట్. మొదటి భాగంలో నిలబడి ఎదురుచూడటం అలవాటైనవాళ్లు ఇక్కడ మొదటి రోజు బాగా తన్నులు తింటారు. 6.3 లో చెప్పిన దిక్కుల సాధన చేసినవాళ్లకి ఆ తన్నులు కొంచెం తక్కువ.